తప్పు ఫైలుది కాదు

దరఖాస్తుకు జత చేసిన కాగితం ప్రభుత్వ వెబ్‌సైట్‌లోకి ఎక్కకపోతే ఫైలు పెద్దగా ఉందంటారు. సైజు తగ్గించుకొని మళ్లీ పెట్టమంటారు. జనగామ జిల్లా కొడకండ్లలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే పిల్లగాడి నుంచి హైదరాబాద్‌లో ఆ వెబ్‌సైట్‌ను చూసుకునే ఇంజినీరు దాకా అందరిదీ ఇదే మాట. ఎవరైనా గట్టిగా అడిగితే రెండో మాట బయటికి వస్తుంది: ఆ సైజు ఫైర్‌వాల్ పెట్టిన హద్దు, భద్రత కోసం ఉంది, దాని జోలికి పోకూడదు. మొదటి మాట కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి నోరు మూయిస్తుంది. రెండోది మీటింగ్‌లో ప్రశ్న వేసిన అధికారి నోరు మూయిస్తుంది. ఈ రెండు మాటలూ ఏళ్ల తరబడి చెలామణి అయి, నిజమో కాదో చూసేవాళ్లే లేకుండా పోయారు. రెండూ తప్పు. నేను వెబ్‌సైట్లు నడిపే పనిలోనే ఉన్నాను కాబట్టి ఎందుకు తప్పో విడమరిచి చెప్పగలను. చెప్పాలి కూడా, ఎందుకంటే ఈ తప్పుకు మూల్యం చెల్లిస్తున్నది మా ఇంజినీర్లు కాదు.

2020 అక్టోబర్ 29న తెలంగాణలో భూ రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు ఏదైనా, ప్రభుత్వం ఎవరిదైనా, ఈ కొన్నేళ్లలో ఒక మార్పు మాత్రం స్థిరపడిపోయింది. కాగితాన్ని ఆఫీసులో చేతికి ఇచ్చే రోజులు తగ్గి, దాని ఫోటోను ఆన్‌లైన్‌లో ఎక్కించే రోజులు వచ్చాయి. భూమి, స్కాలర్‌షిప్పు, పింఛను, చేనేత పథకం, దేనికైనా అదే తోవ. కొడకండ్ల నేత కుటుంబాల్లో బతుకుదెరువుకు సూరత్, భీవండి, షోలాపూర్ పోయినవాళ్లు ఎంతోమంది. వాళ్ల కాగితాలు అక్కడి నుంచి వాట్సాప్‌లో వస్తే, ఇక్కడ ఉన్న అన్నో తమ్ముడో సెంటర్‌కు పట్టుకుపోతాడు. ఎక్కించడం అనే ఆ ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయినవాళ్లకు దాని అవతల ఎంత మంచి చట్టమున్నా, ఎంత మంచి అధికారి ఉన్నా ఒరిగేదేమీ లేదు.

ఒక సెంటర్‌లో చూసిన సంగతి చెబుతాను. ఒక పెద్దాయన చేతిలో భూమి వివరాలుండే పాత పహాణీ నకలు ఉంది. మడతల దగ్గర చిరిగితే వెనక టేపు అంటించారు. సెంటర్ పిల్లగాడు ఫోన్‌తో ఫోటో తీస్తే నాలుగు ఎంబీల దాకా వచ్చింది. ఎక్కించబోతే పేజీ మాయమై, తెల్లటి తెర మీద ఇంగ్లిషులో ఒక వాక్యం, దాని కింద పొడవాటి అంకె వచ్చాయి.

"ఎక్కుతలేదు తాతా, సైజు ఎక్కువున్నది."

"మరెట్ల బిడ్డా?"

"ఆగు, తక్కువ జేస్త."

ఫైళ్లను ఉచితంగా కుదించిపెట్టే ఏదో విదేశీ వెబ్‌సైట్ తెరిచాడు. పహాణీని అందులో వేశాడు, దానితో పాటు ఆధార్‌ను, పాస్‌బుక్‌ను కూడా వేశాడు. ఒకసారి కుదిస్తే ఎక్కలేదు. కుదించినదాన్నే మళ్లీ కుదించాడు. ఎక్కింది. తెర మీద దాన్ని పెద్దది చేసి చూస్తే సర్వే నంబర్ అంకెలు కనిపిస్తున్నాయి కానీ, వాటి పక్కనున్న బై నంబర్ అ అవునో ఆ అవునో తెలియడం లేదు. తెలంగాణలో బై నంబర్లు చాలాచోట్ల అ, ఆ, ఇ అని నడుస్తాయి. తండ్రి భూమిని పంచుకున్న అన్నదమ్ముల్లో ఒకరిది అ, ఇంకొకరిది ఆ. ఆ రెండక్షరాలకూ తేడా చివరన ఉండే చిన్న వంపు మాత్రమే. జేపెగ్ ఫోటోను కుదించినప్పుడు మొదట చెరిగిపోయేవి అలాంటి సన్నటి గీతలే, ఆ కుదింపు పద్ధతే అట్లా ఉంటుంది. ఇట్లా ఎక్కించిన పత్రాలు 'స్పష్టంగా లేదు' అనే మాటతో వెనక్కి వస్తాయి. స్పష్టంగా ఉంటే సైటు తీసుకోదు, సైటు తీసుకునేలా చేస్తే ఆఫీసు తీసుకోదు. ఈ రెంటి మధ్యా తిరిగే మనిషిని పట్టుకొని ఫైలు సరిగా తెచ్చుకోలేదనడం అన్యాయం.

ఇంతకూ ఆ హద్దు పెట్టిందెవరు? వెబ్‌సైట్ ముందు నిలబడి, వచ్చే ప్రతి అభ్యర్థననూ చదివి, అందులో దాడికి సంబంధించిన ఆనవాళ్లు ఉంటే ఆపేసే ప్రోగ్రామును వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్ అంటారు. మా పనిలో ఉన్నవాళ్లు వాఫ్ అని పిలుస్తారు. చదవాలంటే అది వచ్చినదాన్ని కంప్యూటర్ మెమరీలో కాసేపు పట్టి ఉంచుకోవాలి. వేలమంది ఒకేసారి పంపిస్తుంటే ఎంతని పట్టి ఉంచుతుంది? అందుకని ఒక్కో అభ్యర్థనకు ఇంత అని ఒక అంకె పెట్టుకుంటుంది. ఆ అంకె చెప్పేది ఫైర్‌వాల్ ఎంత చదవగలదు అని మాత్రమే. మీ పత్రం ఎంత ఉండాలి అన్నదానికీ దానికీ సంబంధమే లేదు. ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టి జనానికి చెప్పడం దగ్గరే ఈ మొత్తం అపోహ పుట్టింది.

ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. చాలా చోట్ల వాడే మాడ్‌సెక్యూరిటీ అనే ఫైర్‌వాల్‌ను 2002లో ఇవాన్ రిస్టిచ్ మొదలుపెట్టారు. 2024 నుంచి దాని బాధ్యత ఓవాస్ప్ సంస్థది. దానితో పాటు వచ్చే సిఫారసు సెట్టింగ్‌ల ప్రకారం ఒక అభ్యర్థన మొత్తానికి హద్దు 1,31,07,200 బైట్లు, అంటే 12.5 ఎంబీ. పర్వాలేదు, ఫోన్ ఫోటోకు సరిపోతుంది. కానీ పక్కనే ఇంకో హద్దు ఉంది. ఫైలుగా కాకుండా మామూలు సమాచారంగా వచ్చేదానికి 1,31,072 బైట్లే, అంటే 128 కేబీ. చాలామంది డెవలపర్లు, ముఖ్యంగా మొబైల్ యాప్‌లు రాసేవాళ్లు, ఫోటోను ఫైలుగా పంపరు. బేస్64 అనే పద్ధతిలో అక్షరాలుగా మార్చి, పేరూ ఊరూ ఉన్న సమాచారంలోనే కలిపి పంపుతారు. అట్లా మారిస్తే సైజు మూడో వంతు పెరుగుతుంది. లెక్క వేయండి: 96 కేబీల ఫోటో సరిగ్గా 128 కేబీలు అవుతుంది. మిగతా వివరాలు కలిస్తే హద్దు దాటుతుంది. ఫారం మీద '200 కేబీల లోపు ఫోటో పెట్టండి' అని రాసి ఉంటుంది, 150 కేబీల ఫోటో పెట్టిన పిల్ల దరఖాస్తు మాత్రం ఎక్కదు. ఆ అమ్మాయి నిబంధన పాటించింది. ఫారం రాసినవాళ్లు, ఫైర్‌వాల్ పెట్టినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, అంతే.

అమెజాన్ క్లౌడ్ మీద నడిచే సైట్లది ఇంకో కథ. అమెజాన్ ఫైర్‌వాల్‌లో అందరూ మొదట పెట్టుకునే సిద్ధంగా ఉన్న నియమాల మూటలో, అభ్యర్థన 8 కేబీలు దాటితే ఆపేసే నియమం ఒకటుంది. చదవగలిగేంత స్పష్టమైన పత్రం ఫోటో 8 కేబీలలో సాధారణంగా పట్టదు. ఆ మూటను ఉన్నదున్నట్టు పెట్టేస్తే ఎక్కించే పేజీ మొత్తంగా పనిచేయదు. ఇక ఫైర్‌వాల్ వెనకాల ఉండే సర్వర్ సాఫ్ట్‌వేర్‌ల సంగతి. ఇంజిన్‌ఎక్స్ సర్వర్‌కు మొదట ఉండే హద్దు 1 ఎంబీ. పీహెచ్‌పీలో ఒక ఫైలుకు 2 ఎంబీ, అభ్యర్థనకు 8 ఎంబీ. మైక్రోసాఫ్ట్ ఐఐఎస్‌లో 3 కోట్ల బైట్లు, దాని పైన నడిచే పాత ఏఎస్‌పీ డాట్ నెట్‌లో మాత్రం 4 ఎంబీ. ఇన్ని హద్దుల్లో ఏది అన్నింటికన్నా చిన్నదో అదే అసలు హద్దు అవుతుంది. వీటిలో ఏ ఒక్కటీ పహాణీని చూసో, తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాను చూసో పెట్టింది కాదు. ఎవరికి ఏం కావాలో తెలియనప్పుడు తయారీదారులు జాగ్రత్త కోసం పెట్టి పంపిన అంకెలవి. సైటు పెట్టినవాళ్లు తమ అవసరానికి మార్చుకుంటారని వదిలేసిన అంకెలు. మార్చుకోకపోగా దాన్నే ప్రభుత్వ నిబంధనలాగా రైతు ముందు పెడుతున్నారు.

హద్దే ఉండకూడదని నేను అనడం లేదు. ఆన్‌లైన్ ఆర్టీఐ పోర్టల్ పీడీఎఫ్ 1 ఎంబీ లోపు ఉండాలని ముందే చెబుతుంది. నీట్ దరఖాస్తు ఫోటోకు 10 నుంచి 200 కేబీలు అని రాసి ఉంటుంది. ఆ అంకెలు చిన్నవని నాకు అభ్యంతరం ఉంది, కానీ అవి కనీసం బయటికి చెప్పిన హద్దులు. ఎవరో నిర్ణయించారు, అడిగితే జవాబు చెప్పేవాళ్లు ఉంటారు. నేను తప్పుపడుతున్నది ఎవరూ నిర్ణయించని, ఎక్కడా రాయని హద్దును.

ఇప్పుడు భద్రత మాట. దీన్ని తేలిగ్గా కొట్టేయను, ఎందుకంటే సైజు హద్దుకు నిజమైన కారణం ఉంది. ఫైర్‌వాల్ మొదటి 8 కేబీలే చదువుతుందని తెలిసిన దొంగ, ముందు 9 కేబీల చెత్త పెట్టి దాని వెనక దాడి కోడ్ పెడతాడు. కాబట్టి చదవలేనంత పెద్దది వస్తే ఆపేయమనే నియమం లాగిన్ పేజీకి, వెతికే పేజీకి, వివరాలు నింపే పేజీకి చాలా అవసరం. దాడులు ఊహాగానాలు కావు. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటానే దొంగిలించారు, ఆ కేసులో రాష్ట్ర సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఒకణ్ని అరెస్టు చేసింది. ఫైర్‌వాల్ ఉంటే చాలు అనుకునేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. 2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకుకు చెందిన పది కోట్లకు పైగా ఖాతాదారుల, దరఖాస్తుదారుల వివరాలు పోయాయి. దొంగ లోపలికి వచ్చింది సరిగా అమర్చని ఫైర్‌వాల్ గుండానే.

అయితే ఈ వాదన ఫోటో ఎక్కించే పేజీకి వర్తించదు. జేపెగ్ ఫైలు లోపల ఉండేది ఫైర్‌వాల్‌కు అర్థం కాని బైట్ల వరుస. అందులో డేటాబేస్ దాడి ఆనవాళ్లు వెతకడం వల్ల వచ్చేది రక్షణ కాదు, అప్పుడప్పుడు ఏ పాపమూ ఎరగని ఫోటోను దాడి అని ఆపేయడం. ఎక్కించిన ఫైలుతో వచ్చే అసలు ముప్పు వేరు: ఫోటో పేరుతో ప్రోగ్రాము రావచ్చు, పీడీఎఫ్‌లో వైరస్ ఉండవచ్చు. దానికి చేయాల్సిన కాపలా కూడా వేరు. పేరు చివరన ఏముందని కాకుండా ఫైలు మొదటి బైట్లు చూసి అది నిజంగా ఫోటోయేనా అని తేల్చాలి, వైరస్ స్కానర్‌తో చూపించాలి, పేరు మార్చి, నడపడానికి వీల్లేని చోట దాచాలి, లాగిన్ అయినవాళ్లనే ఎక్కించనివ్వాలి. ఈ పనులు చేసిన సైటుకు 10 ఎంబీల ఫోటో వల్ల పెద్ద ప్రమాదం లేదు. చేయని సైటుకు 100 కేబీల ఫైలుతోనూ ప్రమాదమే, ఎందుకంటే సర్వర్‌ను చేజిక్కించుకునే ప్రోగ్రాము ఒక కేబీలో కూడా పడుతుంది. దొంగకు చిన్న ఫైలే చాలు. పెద్ద ఫైలు పంపేది పాత కాగితాన్ని స్పష్టంగా చూపించాలనుకున్న రైతు.

పైగా ఈ హద్దు భద్రతను పెంచడం లేదు, తగ్గిస్తోంది. సైజు తగ్గించమన్న ప్రతిసారీ సెంటర్లలోని ఆధార్ కార్డులు, పట్టాదారు పాస్‌బుక్‌లు, కుల ధ్రువీకరణ పత్రాలు ఎవరు నడుపుతున్నారో, ఎన్నాళ్లు దాచుకుంటారో తెలియని కుదింపు సైట్లకు పోతున్నాయి. 2023లో దేశం వ్యక్తిగత డేటా రక్షణకు చట్టం చేసుకుంది. ప్రభుత్వ సైటు ముందున్న ఫైర్‌వాలే పౌరుల కాగితాలను బయటి సైట్లకు తరుముతుంటే ఆ చట్టం స్ఫూర్తి ఎక్కడ మిగిలింది? భద్రత పేరు చెప్పి హద్దును సమర్థించేవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ఇంకోవైపు, మా వృత్తిలోనే ఒక తొందరపాటు ఉంది. ఫిర్యాదులు ఎక్కువై పైనుంచి ఒత్తిడి వస్తే ఫైర్‌వాల్‌నే ఆపేస్తారు. లేదంటే, హద్దు వరకు చదివి మిగతాది చూడకుండా వదిలేయమని సెట్టింగ్ మారుస్తారు. రెండోది చూడటానికి మధ్యేమార్గంలా ఉంటుంది కానీ, ఇందాక చెప్పిన చెత్త వెనక దాక్కునే దొంగకు తలుపు తీసేది అదే. ఇట్లా చేసి దెబ్బతిన్న అనుభవం వల్లే కొందరు 'ముట్టుకోవద్దు' అనే మొండితనానికి వచ్చారు. ముట్టుకోకపోవడం, పీకేయడం అనే రెండే దారులున్నట్టు మాట్లాడటం మానేస్తే పని సులువు.

పోస్టాఫీసులో ఉత్తరాల డబ్బాకు సన్నటి సందు ఉంటుంది. పార్సిల్ పట్టడం లేదని ఎవరూ ఆ సందును పెద్దది చేయరు, పార్సిల్‌ను ముక్కలు చేయమనీ అనరు, దానికి వేరే కౌంటర్ ఉంటుంది. ఫైర్‌వాల్‌లోనూ అంతే. ఫైళ్లు ఎక్కించే చిరునామా ఒక్కదానికి మాత్రం హద్దు పెంచాలి, మిగతా సైటు మొత్తానికి ఉన్నదే ఉంచాలి. మాడ్‌సెక్యూరిటీలో ఇది ఆ చిరునామాకు రాసుకునే కొన్ని వరుసల పని. అమెజాన్ దాంట్లో ఆ 8 కేబీల నియమాన్ని ఆపకుండా లెక్కపెట్టేలా మార్చి, ఎక్కించే చిరునామా కానివాటిని ఆపమని ఇంకో నియమం జోడిస్తే సరిపోతుంది. ఆ పద్ధతిని అమెజాన్ తన సూచనల్లోనే ఇచ్చింది. ఫోటోను అక్షరాలుగా మార్చి పంపే యాప్‌ను మార్చి, ఫైలును ఫైలుగానే పంపించాలి. పెద్ద సైట్లయితే ఫైలును నేరుగా నిల్వ సర్వర్‌కు పంపేలా కొద్ది నిమిషాలు మాత్రమే చెల్లే లింకు ఇవ్వవచ్చు, అప్పుడు ఫైర్‌వాల్ దాన్ని మోయాల్సిన పనే ఉండదు. నెట్ మధ్యలో తెగిపోయే ఊళ్ల కోసం ఫైలును చిన్న భాగాలుగా పంపి, ఆగిన చోటి నుంచి కొనసాగించే పద్ధతి పెట్టాలి. ఊళ్లలో కొన్ని ఫిర్యాదులకు అసలు కారణం ఈ తెగిపోవడమే కావచ్చు. దాన్నీ సైజు ఖాతాలోనే వేసేస్తున్నారు.

నేను అన్నింటికన్నా పట్టుబట్టేది వరుస విషయంలో. లోపలున్న అప్లికేషన్ హద్దు 10 ఎంబీ అయితే, దాని ముందున్న సర్వర్ హద్దు కొంచెం ఎక్కువ, అన్నింటికన్నా బయట ఉన్న ఫైర్‌వాల్ హద్దు ఇంకొంచెం ఎక్కువ ఉండాలి. అప్పుడు హద్దు దాటిన ఫైలును ఆపేది అప్లికేషన్ అవుతుంది. అప్లికేషన్‌కు తెలుగు వచ్చు. 'ఈ ఫైలు 12 ఎంబీ ఉంది, 10 ఎంబీ వరకే పెట్టవచ్చు' అని చెప్పగలదు. ఫైలు ఎంచుకోగానే బ్రౌజర్‌లోనే చూసి, పంపకముందే చెప్పగలదు. వరుస తలకిందులైతే బయటి యంత్రం ఆపేస్తుంది, దానికి మన భాష రాదు. ఎఫ్5 ఫైర్‌వాల్ అయితే చిరునామా తిరస్కరించామని ఇంగ్లిషులో ఒక వాక్యం, కింద సపోర్ట్ ఐడీ అని పొడవాటి అంకె చూపిస్తుంది. ఐఐఎస్ అయితే పెద్ద ఫైలుకు 404 చూపిస్తుంది, అంటే పేజీయే లేదని అర్థమొస్తుంది. పీహెచ్‌పీ ఇంకా దారుణం. మొత్తం హద్దు దాటితే నింపిన వివరాలన్నీ ఖాళీ అయిపోయి ఫారం మీద 'పేరు రాయండి' అని వస్తుంది. అన్నీ నింపిన మనిషి తానే ఏదో తప్పు చేశానని మళ్లీ మొదటి నుంచి నింపుతాడు. 'సర్వర్ డౌన్' అనే మాట కూడా కొన్నిసార్లు ఇలాగే పుడుతుంది. సర్వర్ నిక్షేపంగా ఉంటుంది.

ఆగింది సైజు వల్లేనా అన్నది తేల్చడం సెంటర్ వాళ్లకూ కష్టం కాదు. అదే కాగితాన్ని చిన్న సైజులో ఒకసారి, పెద్ద సైజులో ఒకసారి పెట్టి చూడాలి. చిన్నది ఎక్కి పెద్దది ప్రతిసారీ ఆగితే సైజే అయి ఉండాలి. రెండు మూడు సైజులు మార్చి చూస్తే ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. 1 ఎంబీ దగ్గర ఆగితే ఇంజిన్‌ఎక్స్‌ను, 96 కేబీల చుట్టుపక్కల ఆగితే బేస్64ను అనుమానించాలి. తెర మీద 413 అంకె కనిపిస్తే సందేహమే అక్కర్లేదు, వచ్చింది మరీ పెద్దదని చెప్పడానికే ఆ అంకె ఉంది. 403 వస్తే మాత్రం సైజు కాకపోవచ్చు, ఫైర్‌వాల్ ఫోటోలో లేని దాడిని చూసి ఉండవచ్చు. ఆ సపోర్ట్ ఐడీని ఫోటో తీసి పెట్టుకోవాలి. ఆపిన కారణాన్ని ఇంజినీరు ఆ అంకెతోనే వెతికి పట్టుకుంటాడు.

ఖర్చు అంటారు, టెండర్‌లో లేదంటారు, సెక్యూరిటీ ఆడిట్ మళ్లీ చేయించాలంటారు. ఆడిట్‌లో అడగాల్సింది ఫైర్‌వాల్ ఉందా అని మాత్రమే కాదు, ప్రజలు పెట్టాల్సిన పత్రం దాన్ని దాటి లోపలికి వస్తోందా అని కూడా. ఆ పరీక్షకు కావలసింది ఒక ఫోన్, ఒక పాత పహాణీ. ఫైర్‌వాల్ ఆపిన అభ్యర్థనలు దాని లాగ్‌లో తేదీ, చిరునామా, ఆపిన నియమంతో సహా సాధారణంగా నమోదవుతాయి. జనగామ కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి వచ్చి చెప్పుకోలేనివాళ్ల ఫిర్యాదులు కూడా ఆ లాగ్‌లో ఉన్నాయి, చదివేవాళ్లు లేరు. ఆ లెక్క అడగడానికి అధికారికి కంప్యూటర్ పరిజ్ఞానం అక్కర్లేదు. పోయిన నెలలో ఎక్కించే పేజీ దగ్గర సైజు కారణంగా ఎన్ని ఫైళ్లు ఆగాయి, వాటిలో అన్నింటికన్నా చిన్నది ఎన్ని కేబీలు అని రెండు ప్రశ్నలు రాసి సైటు నడిపే సంస్థకు పంపితే చాలు.